దారి తప్పిన ధార

ఫ్రిజ్ కింద నుంచి వంటింటి నేల మీదికి పాకే నీటిలో ఎక్కువ భాగం గాలిలోంచి వచ్చిందే. తలుపు తెరిచిన ప్రతిసారీ లోపలి చల్లగాలి బరువుకు కిందికి జారి బయటపడుతుంది. ఖాళీ అయిన చోటులోకి వంటింటి వెచ్చని చెమ్మగాలి చొరబడుతుంది. అది చల్లబడగానే అందులోని ఆవిరి బొట్లుగానో మంచుగానో మారి లోపలి గోడకు అంటుకుంటుంది. ఏ లోపమూ లేని ఫ్రిజ్‌లోనూ రోజూ జరిగే సంగతే ఇది. ఆ నీటిని ఒక గాడిలోకి మళ్లించి, సన్నటి గొట్టం గుండా వెనక్కి దింపి, కంప్రెసర్ మీది పళ్లెంలో చేర్చి, ఆ వేడికి ఆవిరి చేసి తిరిగి వంటింటి గాలికే అప్పగించే ఏర్పాటు ఫ్రిజ్‌లోనే ఉంటుంది. నేల తడిసిందంటే ఈ దారిలో ఎక్కడో అడ్డు పడి ఉండాలి, లేదా దారి మోయగలిగిన దానికన్నా ఎక్కువ నీరు పుడుతూ ఉండాలి. ముందు ఈ రెంటిలో ఏదో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

విశాఖపట్నంలో రెండో కారణానికి బలం ఎక్కువ. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. తేమ 80 శాతం ఉన్న రోజున, తీరంలో అలాంటి రోజులకు కొదవ లేదు, అందులో 24 గ్రాములు ఉంటాయి. అదే గాలి ఫ్రిజ్‌లో 4 డిగ్రీలకు చల్లబడితే ఆవిరిగా నిలిచేది 6 గ్రాములకు కాస్త పైన మాత్రమే. తక్కిన 18 గ్రాములు నీరై తీరాలి. మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉందనుకుంటే ఘనపు మీటరు గాలిలో ఉండే ఆవిరి 10 గ్రాములే. ఫ్రిజ్‌లో నీరయ్యేది 4 గ్రాముల లోపు. అంటే ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఫ్రిజ్ అక్కడి సనత్‌నగర్‌లో కంటే ఇక్కడి సీతమ్మధారలో నాలుగు రెట్లకు పైగా నీళ్లు మోస్తుంది. హైదరాబాదు చుట్టాల ఇంట్లో అదే ఫ్రిజ్ పదేళ్లుగా చుక్క కారలేదన్న పోలిక ఇక్కడ నిలవదు.

ఇంటి లెక్కలోకి దిగితే ఇది మరీ పెద్ద నీరేమీ కాదు. 190 లీటర్ల ఒంటి తలుపు ఫ్రిజ్‌లో సామాను పోగా సుమారు 100 లీటర్ల గాలి ఉందనుకుందాం. తలుపు తెరిచినప్పుడల్లా అదంతా మారిపోయినా ఒక్కోసారికి రెండు గ్రాముల లోపే నీరు చేరుతుంది. రోజుకు నలభై సార్లు తెరిస్తే 70 గ్రాములు, చిన్న టీ గ్లాసెడు. రైతుబజారు నుంచి తెచ్చి కడిగి, ఆరబెట్టకుండా పెట్టిన తోటకూర కట్టలు, మూత లేని పులుసు గిన్నె, వేడి తగ్గని అన్నం దీనికి తోడవుతాయి. తలుపు రబ్బరు సరిగా అతుక్కోక రాత్రంతా గాలి చొరబడుతూ ఉంటే మాత్రం లెక్క చేయి దాటిపోతుంది.

తీరంలో మరో చిక్కు కూడా ఉంది. వెనక పళ్లెంలోని నీరు ఆవిరవ్వాలంటే చుట్టూ ఉన్న గాలిలో దానికి చోటుండాలి. ఉక్కపోత రోజుల్లో ఆ చోటు తక్కువ. నీరు ఎక్కువగా పుట్టే రోజుల్లోనే అది నెమ్మదిగా ఆరుతుంది. నగరంలో ఏడాది మొత్తం మీద వానలు ఎక్కువగా పడేది అక్టోబరులో. ఆ ముసురు రోజుల్లో, ఎన్నడూ పొంగని పళ్లెం పొంగితే యంత్రం చెడిపోయిందని వెంటనే అనుకోనక్కర్లేదు.

రెండు రకాలు, రెండు దారులు

ఇళ్లలో ఉండేవి ప్రధానంగా రెండు రకాల ఫ్రిజ్‌లు. ఒంటి తలుపుతో, పైన చిన్న ఫ్రీజర్ గదితో ఉండేది డైరెక్ట్ కూల్ రకం. ఫ్రీజర్ గది గోడలే ఇందులో చల్లదనం ఇచ్చే పలకలు. మంచు ఆ గోడల మీదే కళ్లెదుట పేరుకుంటుంది. అది అర సెంటీమీటరు మందం అయ్యేసరికి డీఫ్రాస్ట్ బటన్ నొక్కాలి. కంప్రెసర్ ఆగి, మంచు కరిగి, నీరు ఫ్రీజర్ కింది ట్రేలోకి పడుతుంది. కొన్ని మోడళ్లలో ఆ ట్రేను బయటికి తీసి పారబోయాలి. మరికొన్నింటిలో నీరు అక్కడి నుంచి గొట్టం గుండా వెనక పళ్లెంలోకి చేరుతుంది.

రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో చల్లదనం ఇచ్చే కాయిల్ ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ పలక చాటున దాగి ఉంటుంది. చిన్న ఫ్యాను దాని మీదుగా గాలిని రెండు గదుల్లోకీ తోస్తుంది. మంచు ఆ కాయిల్ మీదే పడుతుంది కాబట్టి పైకి కనిపించదు. కొన్ని గంటలకోసారి టైమర్ గానీ ఎలక్ట్రానిక్ బోర్డు గానీ కంప్రెసర్‌ను ఆపి, కాయిల్ కిందనున్న హీటర్‌ను వెలిగిస్తుంది. కరిగిన నీరు కింది గాడిలోకి, గాడి నుంచి రంధ్రంలోకి, రంధ్రం నుంచి గొట్టంలోకి, చివరికి కంప్రెసర్ మీది పళ్లెంలోకి దిగుతుంది. మంచు పడదన్న పేరే గానీ మంచు పడుతూనే ఉంటుంది, యంత్రం దాన్ని తనంతట తాను కరిగించుకుంటూ ఉంటుంది. ఈ మాట గుర్తుంటే తర్వాత చెప్పుకునే లోపాలన్నీ సులువుగా పట్టుబడతాయి.

పళ్లెంలో నీరు పట్టే ఏర్పాటు ఫ్రిజ్‌కన్నా పాతది. కరెంటు ఫ్రిజ్‌లు రాకముందు మంచుదిమ్మలు నింపిన చెక్కపెట్టెలు ఉండేవి. దిమ్మ కరిగి కారే నీటికి కింద పళ్లెం పెట్టి, రోజూ పారబోసేవారు. 1842లో మద్రాసు సముద్రతీరాన కట్టిన ఐస్ హౌస్, ఇప్పటి వివేకానందర్ ఇల్లం, అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మంచును దాచిన గిడ్డంగి. దేశంలో ఫ్రిజ్‌ల తయారీ ఊపందుకున్నది స్వాతంత్ర్యం తర్వాతే. గోద్రెజ్ 1958లో మొదలుపెట్టింది. తెలుగునాట చాలా ఇళ్లకు మొదటి ఫ్రిజ్ హైదరాబాద్ ఆల్విన్ కంపెనీది. ఆ పాత ఒంటి తలుపు ఫ్రిజ్‌ల దగ్గర మంచు కరిగించే రోజంటే ఇంట్లో ఒక చిన్న పని దినం. కింద పాతగుడ్డలు పరిచి, గిన్నెలు పెట్టి, పూట గడిచేదాకా కాచుకునేవారు. ఫ్రాస్ట్ ఫ్రీ వచ్చాక ఆ పని తప్పింది గానీ, దాంతోపాటు నీరు ఎటు పోతుందన్న ఎరుక కూడా ఇళ్లలో తగ్గిపోయింది.

ముందు ప్లగ్గు, తర్వాతే గుడ్డ

నేల మీద నీరు చూడగానే తుడుపుగుడ్డ కోసం పరిగెత్తడం సహజం. అంతకన్నా ముందు స్విచ్ ఆపి ప్లగ్గు తీయాలి. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి ఫ్రిజ్ ఒంటిని ముట్టుకోవడం ప్రమాదం. కంప్రెసర్ దగ్గరి తీగల కలయికల మీద నీరు పడితే 230 వోల్టుల కరెంటు లోహపు ఒంటికి పాకవచ్చు. ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉంటే అది నేలలోకి పోతుంది. మూడు కాళ్ల ప్లగ్గును రెండు రంధ్రాల అడాప్టరులో గుచ్చి ఎర్తు కాలిని వదిలేసిన ఇళ్లలో అది మనిషి ఒంటి గుండా పోతుంది. పాత క్వార్టర్లలో, అద్దె ఇళ్లలో ఈ అడాప్టర్లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. నీటి కారుడు బాగుచేయకపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్కటి మాత్రం ఈరోజే మార్చుకోవాలి. స్విచ్‌బోర్డు కూడా తడిసి ఉంటే దాన్ని ముట్టుకోకుండా మెయిన్ ఆపడం మంచిది.

తర్వాత నేలనంతా పొడిగా తుడిచి, ఫ్రిజ్ చుట్టూ, వీలైతే కిందికి జొనిపి, పాత పత్రిక కాగితాలు పరవాలి. మళ్లీ కరెంటు ఇచ్చి కొన్ని గంటలు గమనిస్తే కాగితం మొదట ఎక్కడ తడిసిందో తెలుస్తుంది. ఈ గమనింపుకు ఖర్చేమీ లేదు. అనుభవమున్న మెకానిక్‌లు కూడా పానా తీసేముందు ఇదే అడుగుతారు, నీరు ముందు వైపు వస్తోందా, వెనక వైపా, లోపల కూరగాయల డబ్బా కింద నిలుస్తోందా అని.

లోపల కూరగాయల డబ్బా అడుగున నీరు నిలిచి, తలుపు అంచు దాటి ముందుకు కారుతుంటే గొట్టం పూడుకుందని దాదాపు తేల్చుకోవచ్చు. వెనక వైపే తడి కనిపిస్తే పళ్లెం పగిలిందో, పక్కకు జరిగిందో, గొట్టం చివర పళ్లెంలోకి కాక బయటికి తిరిగిందో చూడాలి. తలుపు మీద, పక్కల మీద బొట్లు నిలిచి కిందికి జారుతుంటే అది బయటి చెమ్మ. కరెంటు పోయి వచ్చిన తర్వాతే కారితే కరిగిన మంచు.

వీటన్నిటికన్నా ముందు ఫ్రిజ్ మీద నింద సరైనదేనా అని ఒకసారి చూసుకోవడం న్యాయం. చాలా వంటిళ్లలో నీళ్లు శుద్ధిచేసే ఆర్‌ఓ యంత్రం ఫ్రిజ్ పక్క గోడకే ఉంటుంది. దాని వ్యర్థజలం పోయే సన్నగొట్టం సింకులోంచి జారి గోడ వెంట కారినా ఆ నీరు ఫ్రిజ్ కిందే చేరుతుంది. సింకు కింది పైపు, పై అంతస్తు స్నానాలగది నుంచి గోడలోకి దిగిన చెమ్మ, లోపలే వాలిపోయిన పాలప్యాకెట్టు, చేపలరేవు నుంచి మంచుతో సహా తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టిన వంజరం కవరు, ఇవన్నీ ఫ్రిజ్ ఖాతాలో పడుతుంటాయి. ఫ్రిజ్ నీరు మామూలుగా తేటగా, వాసన లేకుండా ఉంటుంది. జిగట, రంగు, పులుపు వాసన ఉంటే మూలం వేరు.

పూడిన తూము

ఫిర్యాదుల్లో ఎక్కువ వంతు పూడిన గొట్టానివే. చెరువుకు తూము ఎలాంటిదో ఫ్రిజ్‌కు ఈ డ్రెయిన్ రంధ్రం అలాంటిది. చిటికెన వేలు కూడా దూరని ఆ రంధ్రంలోకి కొత్తిమీర ఆకు, కరివేపాకు రెమ్మ, ఉల్లిపొర, పొంగి కారిన ఇడ్లీపిండి చుక్క, పాలకవరు కొస చేరతాయి. వాటి మీద నాచులాంటి జిగురు పెరుగుతుంది. నీరు గొట్టం దిగలేక గాడిలో నిలిచి, పొంగి, కింది గదిలోకి కారుతుంది.

డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లోనూ, కింది గది వెనక గోడకు గాడి ఉన్న మోడళ్లలోనూ ఈ రంధ్రం కంటికి కనిపిస్తుంది. అరల్లోని సామాను తీసి, చుట్టూ ఉన్న చెత్తను వేలితో గానీ దూదిపుల్లతో గానీ తొలగించాలి. సూది లేని పెద్ద సిరంజిలో గోరువెచ్చని నీరు తీసుకుని రంధ్రంలోకి మెల్లగా తోయాలి. వంటసోడా చిటికెడు కలిపితే జిగురు వదులుతుంది. అడ్డు గట్టిగా ఉంటే మెత్తటి ప్లాస్టిక్ తీగను జాగ్రత్తగా దింపవచ్చు. ఇనుప ఊచ, అల్లికసూది వాడకూడదు. గొట్టం గోడలోని నురుగుపొర మధ్యగా దిగుతుంది కాబట్టి చిల్లుపడితే నీరు లోలోపలే ఇంకి, ఆ భాగానికి చలిని ఆపే గుణం పోతుంది. ఆ నష్టాన్ని సరిచేయడం కష్టం. సలసల కాగే నీళ్లు కూడా పోయకూడదు, లోపలి ప్లాస్టిక్ వంకరపోతుంది.

గొట్టం తెరుచుకుందో లేదో తెలియాలంటే గ్లాసెడు నీళ్లు రంధ్రంలో నెమ్మదిగా పోసి, వెనక పళ్లెంలో ఎంత చేరిందో చూడాలి. పోసినదంతా చేరితే దారి బాగుపడింది. సగమే చేరి తక్కినది కనిపించకపోతే గొట్టం మధ్యలో ఎక్కడో ఊడిందని అనుమానించాలి. కొన్ని మోడళ్లలో గొట్టం కొసన రబ్బరు మూతి ఉంటుంది. నీరు దిగేటప్పుడు తెరుచుకుని, మామూలుగా మూసుకుని ఉంటూ బయటి వేడిగాలిని లోపలికి రానివ్వదు. దాని పెదాలు జిడ్డుతో అతుక్కుపోయినా నీరు ఆగుతుంది. దాన్ని తీసి కడిగి పెట్టుకోవచ్చు. విసుగొచ్చి కోసి పారేస్తే మాత్రం తీరం గాలి ఆ గొట్టం గుండానే పైకి ఎక్కి, మరింత మంచు పేర్చుతుంది.

ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో ఈ రంధ్రం ఫ్రీజర్ వెనక పలక చాటున ఉంటుంది. అక్కడ అడ్డుపడేది చాలాసార్లు మంచుగడ్డే. ఇంట్లో చేయగలిగినది ఒకటే. ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, రెండు తలుపులూ బార్లా తెరిచి, కింద గుడ్డలు పరిచి 24 గంటలు వదిలేయాలి. దాగిన మంచంతా కరిగి దారి తెరుచుకుంటుంది. సాయంత్రానికే తొందరపడి స్విచ్ వేస్తే పైమంచు మాత్రమే కరిగి, గొట్టం మొదట్లోని గడ్డ అలాగే ఉండిపోతుంది. రెండు రోజుల్లో కథ మొదటికొస్తుంది.

త్వరగా కరగాలని కత్తితో, అట్లకాడతో, స్క్రూడ్రైవరుతో మంచును పొడవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు. ఫ్రీజర్ గోడలోని అల్యూమినియం గొట్టాలు పలుచనివి. ఒక్క పోటుకు చిల్లుపడి గ్యాస్ అంతా పోతుంది. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్600ఎ, అంటే ఐసోబ్యూటేన్. వంటగ్యాస్ కుటుంబానికి చెందినదే, మండే గుణం ఉన్నదే. పరిమాణం మామూలుగా 100 గ్రాముల లోపే అయినా, వంటగ్యాస్‌కు కలిపే ఘాటువాసన దీనికి ఉండదు కాబట్టి కారినా ముక్కుకు తెలియదు. మంచు గీకుతున్నప్పుడు బుస్సుమన్న శబ్దం వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా, పొయ్యి వెలిగించకుండా కిటికీలు, తలుపులు తెరిచి బయటికి రావాలి. పాత ఫ్రిజ్‌లలో వాడిన ఆర్12 మండేది కాదు. ఓజోన్ పొరకు చేటు అని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తర్వాత దాన్ని తప్పించారు. పాత ఫ్రిజ్ దగ్గర అబ్బిన ధైర్యం కొత్త ఫ్రిజ్ దగ్గర పనికిరాదు.

మంచు మళ్లీ మళ్లీ పడితే

24 గంటలు ఆపి శుభ్రం చేసిన ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ వారం పది రోజుల్లో మళ్లీ కారితే లోపం గొట్టానిది కాదు, మంచు కరిగించే ఏర్పాటుది. దానికి ముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. ఫ్రీజర్ బాగానే చల్లగా ఉంటుంది గానీ కింది గదిలో పాలు విరుగుతాయి. ఫ్యాను రెక్కలు మంచుకు తగిలి టకటకమంటాయి. వెనక పలక మీద ఉబ్బెత్తుగా తెల్లమంచు కనిపిస్తుంది. మంచు గాలిదారిని మూసేయడం వల్ల చల్లదనం కిందికి దిగదు.

ఈ ఏర్పాటులో హీటర్, దాన్ని ఎప్పుడు వెలిగించాలో చెప్పే టైమర్ లేదా బోర్డు, కాయిల్ ఎంత చల్లగా ఉందో కనిపెట్టే బైమెటల్ లేదా సెన్సర్, మరీ వేడెక్కితే తెగే ఫ్యూజు ఉంటాయి. నాలుగింటిలో ఏది చెడినా బయటికి కనిపించే లక్షణం ఒకటే. అందుకే ఏది పోయిందో మల్టీమీటరుతో చూడకుండా ముందే ఒక విడిభాగం మార్చేస్తామంటే ఒప్పుకోనక్కర్లేదు. హీటర్ తీగ తెగిందో లేదో పరీక్షించడం కొద్ది నిమిషాల పని. పాత పద్ధతి టైమర్ అయితే మెకానిక్ దాని ఇరుసును స్క్రూడ్రైవరుతో తిప్పి మంచు కరిగే దశలోకి తెచ్చి చూస్తాడు. అప్పుడు హీటర్ వెలిగితే హీటర్ మంచిదే, టైమర్ నిలిచిపోయిందన్నమాట. ఎలక్ట్రానిక్ బోర్డులున్న వాటికి ఆ కంపెనీ సర్వీసువారి పరీక్షా పద్ధతులు వేరుగా ఉంటాయి.

హీటర్ బాగానే ఉండి రంధ్రం దగ్గర మాత్రమే గడ్డకట్టే ఫ్రిజ్‌లు కొన్ని ఉంటాయి. వేడి అక్కడిదాకా అందకపోవడం దీనికి కారణం. హీటర్ కడ్డీకి ఒక రాగి లేక అల్యూమినియం ముక్కను తగిలించి, దాని కొస రంధ్రంలోకి వేలాడేలా అమర్చితే వేడి ఆ ముక్క వెంట దిగి మూతిని తెరిచి ఉంచుతుంది. చిన్న ఉపాయమే, ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

పళ్లెం, రబ్బరు, వాలు

వెనక పళ్లెం చాలామంది ఇళ్లలో కొన్ననాటి నుంచి ఎవరూ చూడని భాగం. ఇల్లు మారేటప్పుడు ఫ్రిజ్‌ను మెట్ల మీదుగా మోసే హడావిడిలో అది పక్కకు జరుగుతుంది, లేదా క్లిప్పు ఊడుతుంది. కంప్రెసర్ వేడికి ఏళ్లు గడిచాక ప్లాస్టిక్ పెళుసెక్కి వెంట్రుకవాసి పగులు తీస్తుంది. ప్లగ్గు తీసి, కంప్రెసర్ చల్లారాక వెనక అట్టపలక విప్పి టార్చితో చూస్తే తెలిసిపోతుంది. ఫ్రిజ్‌కు, గోడకు మధ్య జానెడు కాకపోయినా కనీసం బెత్తెడు ఎడం ఉండాలి. గోడకు ఆనించి పెట్టిన ఫ్రిజ్‌లో వేడి బయటికి పోదు, పళ్లెం ఆరదు. నౌకాశ్రయానికి దగ్గరి పేటల్లో నల్లటి పొడి వెనక కాయిల్ మీద తెరలా పేరుకుంటుంది. ఆరునెలలకోసారి మెత్తటి బ్రష్షుతో దులపడం ఫ్రిజ్‌కూ, కరెంటు బిల్లుకూ మంచిది.

పళ్లెం గురించి చెప్పుకోవలసిన అసలు మాట మరొకటి ఉంది. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది ఇంటిలోపలి, ఇంటి చుట్టుపక్కల నిలవనీటిలో. గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా ఎదగడానికి దానికి వారం పది రోజులు చాలు. కూలర్, పూలకుండీ, కొబ్బరిచిప్ప, పాత టైరు సంగతి అందరికీ తెలిసిందే. చీకటిగా, వెచ్చగా, కదలిక లేకుండా ఉండే ఫ్రిజ్ వెనక పళ్లెం కూడా ఆ జాబితాలోదే. శుక్రవారం డ్రైడే పేరుతో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి నిలవనీరు పారబోయించే కార్యక్రమంలో ఫ్రిజ్ ట్రే గురించి అడిగేది అందుకే. వానాకాలంలో వారానికోసారి దాన్ని పారబోసి, రుద్ది కడిగి, ఆరబెట్టి పెట్టాలి. రుద్దడం ముఖ్యం, గుడ్లు పళ్లెం అంచుకు అంటుకుని ఎండినా బతికే ఉంటాయి.

తలుపు రబ్బరుకు పరీక్ష తేలిక. అంచులో ఒక కాగితపు ముక్క పెట్టి తలుపు మూసి లాగాలి. పట్టు తగిలితే మంచిది, జారిపోతే అక్కడ గాలి దూరుతోంది. నాలుగు వైపులా, ముఖ్యంగా కింది మూలల్లో చూడాలి. రాత్రివేళ లోపల టార్చి వెలిగించి పెట్టి, వంటింట్లో దీపం ఆర్పేసి చూస్తే సందులోంచి వెలుగు గీతలా కనిపిస్తుంది. రబ్బరు మడతల్లో పేరుకున్న నల్లబూజును గోరువెచ్చని సబ్బునీటితో తుడిచి ఆరబెడితే సగం సందర్భాల్లో పట్టు తిరిగి వస్తుంది. ఒకచోట వంగిపోతే వేడినీటిలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టి వేలితో సరిచేయవచ్చు. చీలితే మార్చడమే. మోడల్ నంబరు చెప్పి తెప్పించుకోవాలి, దగ్గరి కొలతతో సరిపెట్టుకుంటే పట్టదు. తలుపు అరల్లో నాలుగైదు పెద్ద నీళ్లసీసాలు ఏళ్ల తరబడి పెట్టే ఇళ్లలో రబ్బరు బాగానే ఉన్నా తలుపు బరువుకు వాలి, పైమూలలో సందు పడుతుంది. అప్పుడు బిగించవలసింది కీలుని.

ఫ్రిజ్ కాస్త వెనక్కి వాలి ఉండాలి. ముందుకాళ్లు కొద్దిగా ఎత్తుగా ఉంటే తలుపు సగం తెరిచి వదిలినా తనంతట తానే మూసుకుంటుంది, గాడిలోని నీరు రంధ్రం వైపు పారుతుంది. ముందుకు వాలితే నీరు తలుపు వైపు వస్తుంది. మన ఇళ్లలో ఫ్రిజ్ కింద ప్లాస్టిక్ స్టాండు పెట్టడం ఆనవాయితీ. స్టాండు మీదికెక్కాక ముందుకాళ్లను తిప్పి సరిచేయడం మరిచిపోతారు. కాలక్రమంలో స్టాండు కాలొకటి కుంగుతుంది. కిందనున్న గచ్చు వాలు కూడా చూసుకోవాలి, నీళ్లు పోసి కడిగే అలవాటున్న పాత వంటిళ్లలో నేల గుమ్మం వైపో తూము వైపో వాలుగా ఉంటుంది.

బయట పట్టే చెమ్మ

లోపల అంతా పొడిగా ఉండి తలుపు అంచుల మీద, రెండు తలుపుల మధ్య పట్టీ మీద బొట్లు కడుతుంటే అది చల్లని నీళ్లగ్లాసుకు బయట పట్టే చెమ్మలాంటిదే. 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉంటే 26 డిగ్రీల దగ్గరే ఆవిరి నీరవుతుంది. అంటే ఫ్రిజ్ ఒళ్లు గది కన్నా నాలుగైదు డిగ్రీలు చల్లబడితే చాలు. దీన్ని ఆపడానికే తయారీదారులు వేడి గ్యాస్ గొట్టాన్ని తలుపు చట్రం చుట్టూ తిప్పుతారు. ఫ్రిజ్ పక్కలు వెచ్చగా ఉన్నాయని భయపడేవారు తెలుసుకోవలసింది ఇదే, ఆ వెచ్చదనం కావాలని పెట్టింది. ముసురు రోజుల్లో కాసింత చెమ్మ పడితే గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఏడాది పొడవునా ఒకేచోట పడుతుంటే మాత్రం అక్కడ రబ్బరు పట్టు తప్పిందో, గోడలోని నురుగుపొర చెడిందో చూపించాలి. అవసరానికి మించి చల్లదనం పెంచడం కూడా దీనికి కారణమే. కింది గదికి 3 నుంచి 5 డిగ్రీలు, ఫ్రీజర్‌కు మైనస్ 18 డిగ్రీలు చాలు.

కరెంటు పోయిన రోజులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. వేలాది విద్యుత్ స్తంభాలు కూలాయి, నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫ్రీజర్‌లో నెలల తరబడి పేరుకున్న మంచు ఒక్కసారిగా కరుగుతుంది. కంప్రెసర్ ఆగిపోయింది కాబట్టి పళ్లెం కింద వేడి ఉండదు, చేరిన నీరు ఆరదు, పొంగి నేల మీదికి వస్తుంది. ఇందులో ఫ్రిజ్ లోపమేమీ లేదు. తుపాను హెచ్చరిక రాగానే ఫ్రీజర్ మంచును ముందే కరిగించుకుని, పళ్లెం ఖాళీ చేసి పెట్టుకుంటే ఈ తిప్పలు తగ్గుతాయి. నీటిసీసాలు గడ్డకట్టించి ఫ్రీజర్ ఖాళీలలో పెడితే లోపలి చల్లదనం మరికొంత కాలం నిలుస్తుంది.

తలుపు తెరవకుండా ఉంచితే కింది గదిలో ఆహారం సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లో 48 గంటలు, సగం నిండినదానిలో 24 గంటలు భద్రంగా ఉంటుందని ఆహార భద్రతా నిపుణుల లెక్క. ఆ గడువు దాటాక చేప, మాంసం, పాలు వాసన చూసి నమ్మకూడదు, పారేయాలి. ఈ ప్రాంతానికి కరెంటు అందించే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం సీతమ్మధారలోనే ఉంది. సరఫరా ఫిర్యాదులకు 1912 నంబరు. కరెంటు వచ్చీరాగానే ఫ్రిజ్ స్విచ్ వేయకుండా, నేల ఆరిందో లేదో, ప్లగ్గు దగ్గర తడి ఉందో లేదో చూసుకోవాలి.

నీళ్ల పైపు కలిపి ఉండే పెద్ద ఫ్రిజ్‌లకు ఇంకో దారి ఉంది. వెనక గోడ కుళాయి నుంచి వచ్చే సన్నగొట్టం, దాని బిగింపులు, వాల్వు, ఫిల్టరు మూత, వీటిలో ఎక్కడ కారినా నేల తడుస్తుంది. కుళాయి కట్టేసి ఒక రాత్రి చూస్తే తేలిపోతుంది. కారడం ఆగితే గొట్టానిది, ఆగకపోతే డ్రెయిన్‌ది. కుళాయి లేకుండా తలుపు లోపలి తొట్టిలో నీళ్లు నింపుకునే రకంలో తొట్టి కింది రబ్బరు వాచరు తిరగబడి కూర్చోవడమే తరచూ కనిపించే లోపం.

మెకానిక్‌ను పిలిచే ముందు మోడల్ నంబరు, కొన్న సంవత్సరం, నీరు ఎక్కడ, ఎప్పుడు, ఎంత కనిపించిందో ఒక కాగితం మీద రాసి ఉంచితే అతని సమయమూ, ఇంటివారి డబ్బూ మిగులుతాయి. వారంటీ ఉంటే వెనక పలక సొంతంగా విప్పకపోవడం మేలు. గొట్టం శుభ్రం, పళ్లెం, రబ్బరు, హీటర్, టైమర్, ఇవన్నీ మార్చుకోదగ్గ చిన్న భాగాలే. వీటి కోసం ఫ్రిజ్ మార్చనక్కర్లేదు. నీటి కారుడుకు గ్యాస్ నింపాలని చెబితే కారణం అడగాలి. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది, కాయిల్ మీద మంచు ఒకపక్కే పడుతుంది. నేల మీది మడుగుకు మాత్రం అది మామూలు కారణం కాదు. ఆర్600ఎ ఉన్న ఫ్రిజ్‌లో గొట్టాలు అతికే పని శిక్షణ పొందినవారు, గాలి ఆడే చోట మాత్రమే చేయాలి.

పని పూర్తయ్యాక మెకానిక్ ఉండగానే డ్రెయిన్‌లో గ్లాసెడు నీళ్లు పోయించి, పళ్లెంలోకి చేరడం కళ్లారా చూడాలి. ఫ్రిజ్‌ను యథాస్థానంలో పెట్టి, కాళ్లు సరిచేసి, కింద మళ్లీ పొడి కాగితాలు పరవాలి. ఫ్రాస్ట్ ఫ్రీ రకం ఒక రోజులో రెండు మూడుసార్లయినా మంచు కరిగించుకుంటుంది కాబట్టి మొదటి పూట పొడిగా ఉందని తీర్పు చెప్పలేం. మూడో రోజు ఉదయానికి కూడా కాగితం గరగరలాడుతూ ఉంటే దాన్ని తీసేయవచ్చు.